రూ.299 రీచార్జిలో పన్నెంత, ఫీజెంత? రేటు కన్నా ముందు దేని మీద వేశారో చూడండి

మీరు అడిగినవి నాలుగు. 299 రీచార్జిలో ప్రభుత్వానికి ఎంత పోతుంది, 18 శాతం జీఎస్టీకి 8 శాతం లైసెన్సు ఫీజు కలిపితే 26 శాతమేనా? వంద రూపాయల టాప్‌అప్ వేస్తే 81.75 మాత్రమే ఎందుకు వస్తుంది? విజయవాడలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకి హైదరాబాదు ఆఫీసు నెట్ బిల్లు మీద కట్టిన జీఎస్టీకి క్రెడిట్, అంటే తను కట్టాల్సిన పన్నులోంచి దాన్ని తగ్గించుకునే వీలు, ఎందుకు రావట్లేదు? మన లాంటి మిగతా దేశాల్లోనూ ఇంతేనా?

ముందు 26 సంగతి. కాదు. ఈ రెండు శాతాలూ ఒకే మొత్తం మీద వేసేవి కావు కనుక కూడటానికి వీల్లేదు. టెలికాం పన్నుల లెక్క ఎక్కడ తప్పినా తొంభై పాళ్లు ఇక్కడే తప్పుతుంది: రేటు చూస్తారు, ఏ మొత్తం మీద ఆ రేటు అన్నది చూడరు. కంపెనీలూ ప్రభుత్వమూ పదహారేళ్లు కోర్టుల్లో కొట్టుకున్నది కూడా రేటు మీద కాదు. దాని సంగతి కింద చెబుతాను.

299తో మొదలుపెడదాం. ప్రీపెయిడ్ ధర ఎప్పుడూ పన్నుతో కలిపిన ధరే. అంటే 299కి 18 శాతం కట్టి 53.82 అనుకోకూడదు. 299ని 1.18తో భాగించాలి. 253.39 వస్తుంది, అది సేవ విలువ. మిగిలిన 45.61 జీఎస్టీ. అందులో సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. మీరిచ్చే ప్రతి వంద రూపాయల్లో జీఎస్టీ వాటా 18 కాదు, 15 రూపాయల 25 పైసలు.

పోస్ట్‌పెయిడ్, ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్ల ధరలు దీనికి తిరగేసి ఉంటాయి. అక్కడ ప్రకటనలో కనిపించే అంకె పన్ను వేయక ముందుది. 399 పోస్ట్‌పెయిడ్ ప్లాన్‌కి బిల్లు 470.82 వస్తుంది. అదే 399 ప్రీపెయిడ్ ప్యాక్ అయితే జేబులోంచి పోయేది 399 మాత్రమే, అందులో సేవ విలువ 338.14. రెండు ప్లాన్లూ పక్కపక్కన పెట్టి 'ధర ఒకటేగా' అనుకునేవాళ్లు నెలకి 71.82 తేడాని చూడకుండా పోల్చుతున్నారన్నమాట. పోల్చేముందు రెండింటినీ పన్నుతో కలిపిన ధరకి తెచ్చుకోండి.

ఇప్పుడు టాప్‌అప్. వందని 1.18తో భాగిస్తే 84.75. అందులోంచి ప్రాసెసింగ్ ఫీజు 3 రూపాయలు తీస్తే 81.75. ఈ ఫీజుకి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన పరిమితి 3 రూపాయలు లేదా టాప్‌అప్ ధరలో 10 శాతం, ఏది తక్కువైతే అది. అందుకే 10 రూపాయల టాప్‌అప్‌కి ఫీజు ఒక్క రూపాయే, చేతికి వచ్చేది 7.47. ఇరవైకి 14.95, యాభైకి 39.37, ఐదు వందలకి 420.73. శాతంలో చూస్తే పది రూపాయల టాప్‌అప్‌లో నాలుగో వంతుకి పైగా పోతుంది, ఐదు వందల దాంట్లో పదహారు శాతం కూడా పోదు. చిన్న చిన్న టాప్‌అప్‌లు వేసుకునేవాళ్ల మీదే భారం ఎక్కువ. దీనికి జీఎస్టీ కారణం కాదు, అది అందరికీ ఒకే నిష్పత్తి. కారణం ఆ ప్రాసెసింగ్ ఫీజు, అది పూర్తిగా కంపెనీకి వెళ్లేది, పన్ను కాదు. ఇదివరకు పండగలకి 'ఫుల్ టాక్‌టైమ్' అని ఇచ్చేవారు కదా, అప్పుడు పన్ను రద్దయ్యేది కాదు. ఫీజు వదులుకుని, పన్నుని కూడా కంపెనీ తన నెత్తిన వేసుకునేది.

అన్‌లిమిటెడ్ ప్యాకులకి ఈ ఫీజు విడిగా కనిపించదు. ఇంకో మాట, జీఎస్టీ రీచార్జి చేసినప్పుడే తేలిపోతుంది. డేటా వాడకుండా గడువు తీరిపోయినా ఆ 45.61 వెనక్కి రాదు.

బిల్లు మీద కనిపించే పన్ను ఇంతే. కనిపించనివి దీని వెనక ఉన్నాయి.

మొదటిది లైసెన్సు ఫీజు. ఏజీఆర్, అంటే సర్దుబాటు చేసిన స్థూల రాబడిలో 8 శాతం. అందులో 3 శాతం అసలు లైసెన్సు ఫీజు, 5 శాతం డిజిటల్ భారత్ నిధికి, అంటే సిగ్నలు లేని పల్లెలకి సేవలు చేర్చే నిధికి. ఈ నిధి పాత పేరు యూఎస్ఓ ఫండ్. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంతో పేరు మారింది, రేటు మారలేదు. రాబడి అంటే జీఎస్టీ తీసేసిన మొత్తం కాబట్టి 8 శాతం వేయాల్సింది 299 మీద కాదు, 253.39 మీద. 20.27 వస్తుంది. అందులో 12.67 నిధికి, 7.60 ఖజానాకి. జీఎస్టీతో కలిపితే 65.88, మీరిచ్చిన 299లో 22 శాతం. మీరు వేసిన 26కీ దీనికీ తేడా మొత్తం దేని మీద అన్న ఒక్క ప్రశ్నలో ఉంది.

రెండోది స్పెక్ట్రం, అంటే ఫోన్ సిగ్నళ్లు నడిచే రేడియో తరంగాల, వాడకపు రుసుము. ఇది కూడా ఏజీఆర్‌లో శాతమే, కానీ కంపెనీ దగ్గర ఏ స్పెక్ట్రం ఎంతుంది, ఎప్పుడు కొన్నది అన్నదాన్ని బట్టి సగటు కట్టి వేస్తారు. 2021 సెప్టెంబరు 15 తర్వాత వేలాల్లో కొన్నదానికి ఈ రుసుము సున్నా. 2022 ఆగస్టులో ముగిసిన 5జీ వేలంలో కొన్నదంతా ఆ సున్నా కిందికే వస్తుంది. పాత స్పెక్ట్రం ఎక్కువ ఉన్న కంపెనీకి సగటు ఎక్కువ, కొత్తది కలిసేకొద్దీ సగటు తగ్గుతుంది. కనుక 'నా రీచార్జిలో ఈ రుసుము ఎంత' అంటే ఒకే అంకె చెప్పటం కుదరదు. ఎవరైనా ఖచ్చితంగా ఇంత అని చెబితే అది ఏదో ఒక కంపెనీ, ఏదో ఒక త్రైమాసికం లెక్క అయ్యుండాలి.

వేలం సొమ్ము వేరు. 2022 వేలంలో పలికిన మొత్తం 1,50,173 కోట్లు. దీన్ని 20 సమాన వార్షిక వాయిదాల్లో 7.2 శాతం వడ్డీతో కట్టుకునే వీలిచ్చారు. ఇది మీరు రీచార్జి చేసినా చెయ్యకపోయినా కట్టాల్సిన గుత్త సొమ్ము. దీన్ని రీచార్జికి ఇంత అని పంచి 'పన్ను' అని రాసే కథనాలు కనిపిస్తుంటాయి, ఆ లెక్కలని నేనైతే పట్టించుకోను. స్థలం కొన్న ధరని అద్దె మీద పన్ను అనటం లాంటిదది.

ఇక ఏజీఆర్. కాస్త నిదానంగా చదవండి, ఈ రంగంలో అసలు పీటముడి ఇదే.

1994 టెలికాం విధానంలో కంపెనీలు లైసెన్సుకి ఏడాదికి ఇంత అని వేలం పాడుకున్నాయి. పాడినంత రాబడి రాలేదు, బకాయిలు పడ్డాయి. 1999 విధానంలో దాన్ని రాబడిలో వాటాగా మార్చారు. మొదట 15 శాతం. 2001లో సర్కిల్, అంటే లైసెన్సు వర్తించే ప్రాంతం, తరగతిని బట్టి 12, 10, 8 శాతం. మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్ 'ఏ' తరగతి కాబట్టి 12 కట్టేది. 2004లో అవి 10, 8, 6 అయ్యాయి. 2013 ఏప్రిల్ నుంచి అందరికీ ఒకటే 8. చూడండి, రేటు తగ్గుతూనే వచ్చింది. గొడవ మాత్రం పెరుగుతూ వచ్చింది. లైసెన్సు ఒప్పందంలో స్థూల రాబడి అంటే వడ్డీ, డివిడెండు, అద్దె, హ్యాండ్‌సెట్ల అమ్మకం సహా అన్నీ అని రాసి ఉంది. కంపెనీలు మాత్రం టెలికాం సేవల రాబడి మీదే కడతామన్నాయి. బ్యాంకులో దాచుకున్న డబ్బు మీద వచ్చిన వడ్డీకీ, లైసెన్సుకీ ఏం సంబంధం అన్నది వాళ్ల వాదన. సంతకం పెట్టిన ఒప్పందంలో ఉంది కదా అన్నది ప్రభుత్వం వాదన.

2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపు తీర్పిచ్చింది. అప్పటికి లైసెన్సు ఫీజు బకాయిగా చూపిన మొత్తం సుమారు 92 వేల కోట్లు. అందులో అసలు ఎంతనుకుంటున్నారు? సుమారు 23 వేల కోట్లు. మిగతాది వడ్డీ, జరిమానా, జరిమానా మీద వడ్డీ. వడ్డీని నెల నెలా అసలులో కలుపుతూ చక్రవడ్డీ కట్టారు కాబట్టి తడిసి మోపెడైంది. 2020 సెప్టెంబరు 1న కోర్టు పదేళ్ల వాయిదాలిచ్చింది. 2021 సెప్టెంబరు సంస్కరణల్లో నాలుగేళ్ల మారటోరియం, అంటే అప్పటిదాకా కట్టకుండా ఆగే వీలు, వచ్చింది, నెలవారీ చక్రవడ్డీ ఏడాదికోసారి అయ్యింది, జరిమానా తీసేశారు. వొడాఫోన్ ఐడియా తన బకాయిల్లో 16,133 కోట్లని 2023లో, 36,950 కోట్లని 2025లో వాటాలుగా మార్చి ఇవ్వటంతో ఆ కంపెనీలో కేంద్ర ప్రభుత్వ వాటా 48.99 శాతానికి చేరింది. ఫీజు వసూలు చేసేవాడే పెద్ద వాటాదారుడై కూర్చున్నాడు. 'దేని మీద' అన్న ప్రశ్న ఇంతదాకా తెచ్చింది.

2021 అక్టోబరు 1 నుంచి లెక్క మూడు మెట్లుగా మారింది. మొదట మొత్తం రాబడి. అందులోంచి టెలికాం కానివి, అంటే వడ్డీ, డివిడెండు, ఆస్తుల అమ్మకపు లాభం, విదేశీ మారకపు లాభం, ఆస్తి అద్దె, బీమా క్లెయిము లాంటివి తీస్తే వర్తించే స్థూల రాబడి. దాంట్లోంచి వేరే కంపెనీలకి చెల్లించిన ఇంటర్‌కనెక్షన్ (మీ కాల్‌ని వాళ్ల నెట్‌వర్కులో అందుకున్నందుకు ఇచ్చేది), రోమింగ్ మొత్తాలూ, జీఎస్టీ తీస్తే ఏజీఆర్. ఇంటర్‌కనెక్షన్ ఎందుకు తీస్తారంటే, మీ కంపెనీ ఆ డబ్బు అవతలి కంపెనీకి ఇచ్చేస్తుంది, వాళ్ల రాబడిలో అది మళ్లీ లెక్కకొస్తుంది. తీయకపోతే ఒకే రూపాయి మీద రెండుసార్లు ఫీజు పడుతుంది. లోపలి కాల్స్‌కి ఈ చార్జీ 2017 అక్టోబరు దాకా నిమిషానికి 14 పైసలు, తర్వాత 6 పైసలు, 2021 జనవరి 1 నుంచి సున్నా. కాబట్టి ఇప్పుడు ఈ మినహాయింపులో దేశీయ కాల్స్ వంతు పెద్దగా లేదు.

తీయటానికి వీల్లేనిది డీలరు కమీషను. కేబుల్ ఆపరేటర్ల ద్వారా నెట్ అమ్మే చిన్న ఐఎస్‌పీలు, అంటే ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు, ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. చందాదారుడు కట్టిందాంట్లో ఆపరేటరు తన వాటా ఉంచుకుని మిగతాది ఇస్తాడు. ఐఎస్‌పీ చేతికొచ్చిన మిగతాదాన్నే రాబడిగా చూపించి 8 శాతం కడుతుంది. ఆడిట్‌లో చందాదారుడి బిల్లు మొత్తాన్ని రాబడిగా తీసుకుంటారు. తేడా మీద ఫీజు, దాని మీద వడ్డీ. పుస్తకాల్లో మొదటి నుంచీ చందా మొత్తాన్ని రాబడిగా, ఆపరేటరు వాటాని ఖర్చుగా రాసుకోవాలి. కట్టే గడువులూ గుర్తుంచుకోండి. మొదటి మూడు త్రైమాసికాలకీ అవి ముగిసిన 15 రోజుల్లోపు. జనవరి-మార్చిది మాత్రం ముగియక ముందే, మార్చి 25లోపు, అంచనా రాబడి మీద కట్టాలి. ఈ నాలుగోది మరిచిపోయి ఏప్రిల్ 15 అనుకునేవాళ్లకి వడ్డీ నోటీసు తప్పదు.

నిధికి పోయే 5 శాతం గురించి ఒక మాట. ఆ సొమ్ము నేరుగా నిధిలో పడదు. ముందు కేంద్ర సంచిత నిధిలో చేరుతుంది, పార్లమెంటు కేటాయించినంతే బయటికొస్తుంది. వసూలుకీ ఖర్చుకీ మధ్య ఏళ్ల తరబడి ఎడం ఉండటానికి కారణం అదే. ఖర్చయినచోట మాత్రం ఫలితం కనిపిస్తుంది. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల్లోని 44 ఆకాంక్షిత (వెనకబడిన) జిల్లాల్లో, సిగ్నలు లేని 7,287 గ్రామాలకి 4జీ ఇవ్వటానికి 6,466 కోట్లు ఈ నిధి నుంచే మంజూరు చేశారు.

జీఎస్టీకీ ఈ ఫీజులకీ ముడి ఎక్కడ పడుతుందంటే, లైసెన్సు ఫీజూ స్పెక్ట్రం రుసుమూ కూడా ప్రభుత్వం అందించే సేవకి చెల్లింపుగా లెక్క. కనుక వాటి మీదా 18 శాతం జీఎస్టీ ఉంది. ప్రభుత్వం బిల్లు వేసి వసూలు చేయదు, రివర్స్ చార్జి కింద కంపెనీయే కట్టాలి. మన 20.27 మీద 3.65. భయపడకండి, అది మీ మీద అదనంగా పడదు. కంపెనీ దాన్ని తర్వాత క్రెడిట్‌గా వాడుకుంటుంది. కానీ రివర్స్ చార్జిని పాత క్రెడిట్‌తో సర్దటానికి వీల్లేదు, నగదుగానే కట్టాలి. కాబట్టి ముందు డబ్బు పోతుంది, తర్వాత లెక్కలో వస్తుంది. నిజంగా మిగిలిపోయే భారం క్రెడిట్ రాని ఖర్చుల దగ్గర ఉంది. టవరు దగ్గర జనరేటరుకి పోసే డీజిలు జీఎస్టీ బయట ఉంది. దాని మీది ఎక్సైజు, వ్యాట్ ఎక్కడా తిరిగి రావు. కరెంటు కోతలున్న పల్లెల్లో టవరు ఖర్చు ఎందుకెక్కువో ఇక్కడ సగం జవాబుంది. టవరు నిర్మాణం మీది క్రెడిట్‌ని జీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ వివరణ అడ్డుకుంటుందని అధికారులు అంటూ వచ్చారు. జీఎస్టీకి ముందున్న సెన్‌వాట్ క్రెడిట్ పద్ధతి కాలానికి సంబంధించి 2024 నవంబరు 20న సుప్రీంకోర్టు టవర్లు విప్పి తరలించగలిగే వస్తువులేనని క్రెడిట్ ఒప్పుకుంది. అదే తర్కంతో డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు జీఎస్టీలోనూ ఒప్పుకుంది.

ఇప్పుడు మీ విజయవాడ-హైదరాబాదు సమస్య. దీన్ని తెలుగువాళ్లు ఎక్కువగా ఎదుర్కోవటానికి ప్రత్యేక కారణముంది. టెలికాం లైసెన్సుకి రెండు రాష్ట్రాలూ కలిపి ఇప్పటికీ ఒకటే 'ఆంధ్రప్రదేశ్' సర్కిల్. జీఎస్టీకి మాత్రం అవి రెండు వేరు రాష్ట్రాలు. ఫోన్ కంపెనీ వాళ్లకి 'ఒకే సర్కిల్ కదా' అనిపించేది పన్ను లెక్కలో రెండు రిజిస్ట్రేషన్లు.

పన్ను ఏ రాష్ట్రానిదో తేల్చేది 'సరఫరా స్థలం'. ఐజీఎస్టీ (అంతర్రాష్ట్ర జీఎస్టీ) చట్టం సెక్షన్ 12(11) ప్రకారం ఒక్కో సేవకి ఒక్కో స్థలం. ల్యాండ్‌లైను, ఫైబరు, లీజు లైను (సంస్థ తనకోసమే అద్దెకి తీసుకునే ప్రత్యేక లైను), డీటీహెచ్‌కి అవి ఎక్కడ బిగించారో ఆ చోటు. పోస్ట్‌పెయిడ్ మొబైల్‌కి కంపెనీ రికార్డుల్లోని బిల్లింగ్ చిరునామా. ప్రీపెయిడ్ వోచరు దుకాణంలో నగదుకి కొంటే అమ్మిన చోటు. అదే రీచార్జి యూపీఐ, కార్డు, నెట్‌బ్యాంకింగ్ లాంటి ఎలక్ట్రానిక్ పద్ధతిలో చేస్తే రికార్డుల్లో ఉన్న చందాదారుడి చిరునామా.

మీ హైదరాబాదు ఆఫీసులో బిగించిన ఫైబరుకి సరఫరా స్థలం తెలంగాణ. కంపెనీ తన తెలంగాణ రిజిస్ట్రేషన్ నుంచి సీజీఎస్టీ (కేంద్ర వాటా), తెలంగాణ ఎస్‌జీఎస్టీ (రాష్ట్ర వాటా) వేసింది. మీరిచ్చింది ఆంధ్రప్రదేశ్ జీఎస్టీ నంబరు. ఒక రాష్ట్రపు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ ఇంకో రాష్ట్రపు రిజిస్ట్రేషన్‌లో క్రెడిట్‌గా చెల్లవు. కంపెనీ తప్పేమీ లేదు, బిల్లు సరిగానే ఉంది. ఆ బిల్లు జీఎస్టీఆర్-2బీలో, అంటే జీఎస్టీ పోర్టల్‌లో నెల నెలా వచ్చే క్రెడిట్ జాబితాలో, కనిపించినా 'అర్హత లేదు' అని రావటానికి కారణం ఇదే. హైదరాబాదు ఆఫీసుకి తెలంగాణ రిజిస్ట్రేషన్ తీసుకుని ఆ నంబరు ఫైబర్ కనెక్షనుకి ఇవ్వటమే దారి. నెలకి ఆ బిల్లు మీది పన్ను రెండు మూడు వందలే అయితే మాత్రం, దానికోసం ఇంకో రిజిస్ట్రేషన్, ఇంకో సెట్టు రిటర్నులు పెట్టుకోవటం దండగ. ఖర్చులో రాసేయండి. తెలంగాణలో వేరే వ్యాపారం ఉంటే రిజిస్ట్రేషన్ ఎలాగూ ఉండాల్సిందే, అది వేరే మాట.

రెండు ఊళ్ల మధ్య లీజు లైనైతే నియమం ఇంకోలా ఉంటుంది. బిల్లు మొత్తంగా వేసినప్పుడు ఒప్పందంలో విడి విలువలు లేకపోతే ఏ రాష్ట్రంలో ఎన్ని కొసలున్నాయో లెక్కేసి ఆ నిష్పత్తిలో పంచాలి. విజయవాడలో ఒక కొస, హైదరాబాదులో ఒకటి ఉంటే సగం సగం. హైదరాబాదులో రెండు, విజయవాడలో ఒకటి ఉంటే మూడింట రెండు వంతులు తెలంగాణకి. మధ్యలో లైను ఎన్ని కిలోమీటర్లు ఎవరి నేల మీదుగా పోయింది అన్నదాంతో పని లేదు.

సిబ్బంది మొబైళ్లకైతే పోస్ట్‌పెయిడ్ కార్పొరేట్ కనెక్షన్ తీసుకుని, బిల్లింగ్ చిరునామా జీఎస్టీ నంబరున్న రాష్ట్రంలోదే ఇవ్వండి. ఉద్యోగి పేరు మీదున్న ప్రీపెయిడ్ నంబరుకి యాప్‌లో రీచార్జి చేసి ఆ రసీదు అకౌంటెంటుకిస్తే క్రెడిట్ రాదు. అది సంస్థ పేరున ఉన్న పన్ను ఇన్వాయిసు కాదు కదా. ప్రతి నెలా 14 తర్వాత 2బీ తెరిచి ఇన్వాయిసు పడిందో లేదో చూసుకోండి. పడకపోతే కంపెనీ మిమ్మల్ని వ్యక్తిగత చందాదారుడిగా నమోదు చేసి ఉంటుంది. నంబరు ఇచ్చిన తేదీ నుంచే మారుస్తారు, పాత బిల్లులకి సాధారణంగా వెనక్కి వెళ్లరు. ఒక ఆర్థిక సంవత్సరపు క్రెడిట్ తీసుకోవటానికి ఆఖరి గడువు మరుసటి నవంబరు 30, లేదా వార్షిక రిటర్ను వేసిన రోజు, ఏది ముందైతే అది. కాంపోజిషన్‌లో, అంటే చిన్న వ్యాపారులు తక్కువ రేటుకి కట్టే పద్ధతిలో, ఉన్నవాళ్లకి ఈ గొడవే లేదు, క్రెడిటే లేదు కాబట్టి.

ఇదే నియమంతో ఇంకో రెండు ప్రశ్నలు తీరతాయి. గుంటూరు చిరునామాతో సిమ్ తీసుకుని బెంగళూరులో ఉంటూ యూపీఐతో రీచార్జి చేస్తే రాష్ట్ర వాటా కర్ణాటకకి కాదు, ఆంధ్రప్రదేశ్‌కే వెళ్తుంది. దుబాయి నుంచో డాలస్ నుంచో కొడుకు ఊళ్లోని నాన్న నంబరుకి రీచార్జి చేసినా 18 శాతం పడుతుంది. డబ్బు విదేశం నుంచి వచ్చింది కదా, ఎగుమతి కదా అని కొందరు అడుగుతారు. సేవ అందుకుంటున్నది ఇక్కడి చందాదారుడు, చిరునామా ఇక్కడిది, కాబట్టి కాదు. ఇక్కడి నంబరుకి కొన్న విదేశీ రోమింగ్ ప్యాకు మీదా అంతే.

స్థానిక సంస్థల వంతు త్వరగా చెప్పేస్తాను. టవర్ల మీద ఆస్తిపన్ను వేయొచ్చని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. 2023 చట్టం సెక్షన్ 14 టెలికాం నెట్‌వర్కుని అది ఉన్న ఆస్తిలో భాగంగా చూడకూడదని, ఆస్తిపన్ను, సెస్సులకి కూడా ఇది వర్తిస్తుందని చెప్పింది. 2024 జూన్ 26 నుంచి అది అమల్లో ఉంది. మీ డాబా మీద టవరుంటే, అద్దె ఆదాయం మీద మీరు కట్టే పన్ను అలాగే ఉంటుంది. టవరు పేరు చెప్పి ఇంటి పన్ను పెంచితే మాత్రం ఈ సెక్షన్ చూపించి అభ్యంతరం రాయండి.

మిగతా దేశాల సంగతి. రేట్లు పోల్చే పట్టికలు చాలా దొరుకుతాయి, వాటిని చూసి మనమే ఎక్కువ కడుతున్నాం, తక్కువ కడుతున్నాం అనుకుంటే పొరపాటే. కెన్యాలో 2023 నుంచి టాక్‌టైమ్, డేటా మీద ఎక్సైజు 15 శాతం, వ్యాట్ 16. కూడితే 31. కానీ వ్యాట్‌ని ఎక్సైజు కలిపిన ధర మీద వేస్తారు, నిజంగా పడేది 33.4. పాకిస్తాన్‌లో రీచార్జి మీద అమ్మకపు పన్నుతో పాటు ముందస్తు ఆదాయపు పన్ను కూడా కోస్తారు. రిటర్ను వేసేవాడు దాన్ని సర్దుకోవచ్చు. రిటర్ను వేసేంత ఆదాయం లేని కూలీకి అది తిరిగి రాని పన్ను. 2018 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఈ కోతలన్నీ ఆపేసింది, వంద వేస్తే వంద వచ్చింది. 2019 ఏప్రిల్‌లో మళ్లీ మొదలయ్యాయి.

యుగాండా 2018 జులైలో వాట్సాప్, ఫేస్‌బుక్ లాంటివి వాడిన ప్రతి రోజుకీ 200 షిల్లింగులు పెట్టింది. శాతం కాదు, తలకింత. వెయ్యి షిల్లింగుల డేటా కొన్నవాడికీ పదివేలది కొన్నవాడికీ అదే 200. జనం వీపీఎన్‌ల (ఏ సైటు వాడుతున్నారో కనిపించకుండా దాచే యాప్‌ల) వెంట పడ్డారు. వీపీఎన్ వల్ల డేటా ఇంకా ఎక్కువ కాలింది, పన్ను మాత్రం అనుకున్నంత రాలేదు. 2021 జులైలో దాన్ని తీసేసి డేటా ధర మీద 12 శాతం వేశారు. ఘనా 2010లో విదేశాల నుంచి వచ్చే కాల్స్‌కి నిమిషానికి కనీసం 19 అమెరికన్ సెంట్లు నిర్ణయించింది, అందులో 6 ప్రభుత్వానివి. లోపలి కాల్ అంతకన్నా ఎంతో చవక కావటంతో సిమ్‌బాక్సులు పుట్టుకొచ్చాయి. విదేశీ కాల్‌ని ఇంటర్నెట్ మీద తెచ్చి, వందల లోకల్ సిములు పెట్టిన పెట్టెలోంచి లోకల్ కాల్‌గా దింపటం. బయటి నుంచి వచ్చిన ఫోన్ లోకల్ నంబరుతో మోగిందంటే అదే. పన్ను వేసిన నిమిషాలే కనిపించకుండా పోయాయి. మన దగ్గరా ఇలాంటి అక్రమ ఎక్స్‌ఛేంజీలు పట్టుబడుతుంటాయి, కారణం అదే, రెండు ధరల మధ్య ఎడం.

చివరగా మీ రసీదు. రీచార్జి యాప్ వసూలు చేసే ప్లాట్‌ఫామ్ ఫీజు ప్రభుత్వానిదీ కాదు, ఫోన్ కంపెనీదీ కాదు. ఆ యాప్‌ది, కంపెనీ సొంత యాప్‌లోనో దుకాణంలోనో చేస్తే సాధారణంగా ఉండదు. నంబరు పోర్ట్ చేసినప్పుడు పడే 6.46 రూపాయలు కూడా పన్ను కాదు, పోర్టింగ్ నడిపే సంస్థకి చెల్లింపు. పోస్ట్‌పెయిడ్‌లో ఆలస్య రుసుము మీద జీఎస్టీ పడితే సరైనదే. డిపాజిట్ మీద పడితే అడగండి, బిల్లులో సర్దనంతవరకు దానికి పన్ను లేదు. కోత లెక్క కుదరకపోతే ధరని 1.18తో భాగించి, టాప్‌అప్ అయితే ఫీజు తీసి చూడండి. అప్పటికీ పైసలు కాక రూపాయల్లో తేడా వస్తే కంపెనీ ఫిర్యాదు కేంద్రానికి చెప్పి డాకెట్ నంబరు, అంటే ఆ ఫిర్యాదు నంబరు, తీసుకోండి. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లోపు అదే కంపెనీ అప్పీలు అధికారికి రాయాలి, వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కి నేరుగా రాస్తే అది విడి ఫిర్యాదుల్ని విచారించదు, కంపెనీకే పంపుతుంది. ఆ డాకెట్ నంబరు పారేసుకోవద్దు, అది లేకుండా అప్పీలు ముందుకు కదలదు.